ఒక కార్డుకు ఒక్క మనిషి

నేను రిటైరైన రోజు శాలువా కప్పి మాట్లాడిన పెద్దమనిషి ఒకరు, ముప్పై ఏళ్ల సర్వీసులో నా చేతి మీదుగా ఒక్క తప్పు కూడా జరగలేదని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి అది అబద్ధమని చెప్పాల్సింది. చెప్పలేదు. నవ్వి, దండం పెట్టి, ఇచ్చిన పెట్టె పట్టుకొని ఇంటికొచ్చాను. ఆ రోజు మింగిన మాటే ఇప్పుడు రాస్తున్నాను. పది కార్యాలయాలు కలిసి వాడుకునే రికార్డులను కంప్యూటర్లలో కట్టే పిల్లలున్నారు కదా, ముఖ్యంగా వాళ్ల కోసం. మీరు నాకంటే ఎక్కువ చదువుకున్నారు, అయినా ఒక్కసారి వినండి. పేర్లు మాత్రం రాయను. కొందరి పేర్లు రాస్తే వాళ్లకు లేని గౌరవం ఇచ్చినట్టవుతుంది. ఒకామె పేరు రాస్తే ఆమె నోటి దగ్గర కూడు పోతుంది.

సోలాపూర్‌లో బీడీ కార్మికుల ఆసుపత్రి ఒకదానిలో రిజిస్ట్రేషన్ కిటికీ నాది. పుట్టి పెరిగింది భవాని పేట్‌లోనే. నాన్న చద్దర్లు నేసేవాడు, అమ్మ బీడీలు చేసేది. కాబట్టి బీడీ కార్డు అంటే ఏమిటో నాకు ఆఫీసులో ఎవరూ నేర్పనక్కర్లేదు. అది కార్ఖానా ఇచ్చే చిన్న పుస్తకం. అది చూపిస్తేనే పేటలోని కార్ఖానా బ్రాంచిలో బీడీ ఆకూ, తంబాకు అనే పొగాకూ ఇస్తారు, చేసిన బీడీలు తీసుకుంటారు. అది ఉంటేనే మా ఆసుపత్రిలో వైద్యం.

నియమం ప్రకారం కార్డు ఒక మనిషిది. మా ఇళ్లలో మాత్రం అది ఇంటిది. అత్త పేరున కార్డు ఉంటుంది. బీడీలు చేసే చాట ఒళ్లో పెట్టుకొని కూర్చునేది అత్తా, కోడలూ, పెళ్లి కావాల్సిన ఆడపడుచూ. అత్త వేళ్లు వంగని రోజు వచ్చాక కోడలు బుట్ట ఎత్తుకొని బ్రాంచికి పోతుంది. అక్కడ అత్త పేరు పిలుస్తారు, కోడలు పలుకుతుంది. అత్త కాలం చేశాక కూడా అదే పేరు పిలుస్తారు, ఆ కోడలే పలుకుతుంది. కార్ఖానాలు కొత్త కార్డులు ఇవ్వడం ఎప్పుడో తగ్గించేశాయి గనుక ఇంట్లో ఉన్న ఒక్క కార్డునూ కళ్లలో పెట్టుకొని కాపాడుకోవడం తప్ప మా ఆడవాళ్లకు వేరే దారి లేదు.

మరి జబ్బు చేసేది కోడలికి, కార్డు అత్తది. దానికి నాకంటే ముందు ఆ కిటికీలో కూర్చున్నామె ఒక ఉపాయం కనిపెట్టింది. రిజిస్టర్లో అత్త పేరు సిరాతో ఉంటుంది. దాని కింద కోడలి పేరు పెన్సిల్‌తో రాసి, పక్కన మరాఠీలో 'సూన్', అంటే కోడలు అని పెట్టేది. తనిఖీకి వచ్చేవాళ్లు పెన్సిల్ రాతలు పట్టించుకోరు. డాక్టరుకు మాత్రం ఎదురుగా కూర్చున్నది ఎవరో, పోయినసారి ఏ మందు ఇచ్చారో తెలిసేది. నేను ఆ కిటికీలోకి వచ్చిన మొదటి వారమే నా చేతికి ఒక పెన్సిల్ ముక్క ఇచ్చి ఈ పద్ధతి నేర్పింది. చాలా ఏళ్లు అలాగే నడిపాం.

తర్వాత కంప్యూటర్ల మీద కొత్త వ్యవస్థ వచ్చింది. కార్ఖానాలు, మా ఆసుపత్రి, కార్మికుల ఇళ్ల సంగతి చూసే కార్యాలయం, మూడూ ఒకే రికార్డు వాడాలన్నారు. ఒకచోట రాసింది మిగతా రెండు చోట్లా కనబడాలి. ఆలోచన మంచిదే, దానిమీద నాకు కోపం లేదు. ప్రణాళిక వేయడానికి పుణె నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. మర్యాదస్తుడు. ఏ సమాచారం ఏ రూపంలో ఉండాలి, ఎవరు మార్చవచ్చు, ఎప్పుడు మూసేయాలి అన్నీ ముందే ఒక పత్రంలో తేల్చుకుంటే తర్వాత ఎవరూ తలలు పట్టుకోనక్కర్లేదని చెప్పాడు. ఆ పత్రం కోసం మీటింగు పెట్టారు. మా ఆసుపత్రి నుంచి సూపరింటెండెంట్ సాహెబు, నేను. ఇళ్ల కార్యాలయం నుంచి ఒకరు. కార్ఖానాల తరఫున ఒక మేనేజరు. ఆ మేనేజరు మావాడే, తెలుగువాడు. వాళ్లమ్మ కూడా ఒకప్పుడు చాట ముందర కూర్చున్నదే.

మాటలన్నీ మరాఠీలో జరిగాయి. మధ్యలో ఇంజనీరు నా వైపు తిరిగి అడిగాడు. "తాయీ, నియమం ఏమిటో నేను చదివాను. నిజంగా ఎలా జరుగుతుందో మీరు చెప్పండి. ఒకే కార్డు మీద ఇద్దరు పనిచేయడం ఉంటుందా?"

సాహెబు కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. మేనేజరు మాత్రం నన్నే చూస్తున్నాడు. నేను ఉందని చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకే కార్డు మీద ఇద్దరున్నారని కాగితం మీదికి ఎక్కితే, ఆ రెండో మనిషిని కూడా కార్మికురాలని కార్ఖానా ఒప్పుకోవాల్సి వస్తుంది. అది ఒప్పుకునే బదులు మర్నాడు పొద్దున్నే అలాంటి కార్డులన్నీ వెనక్కి లాక్కుంటారు.

"లేదు. ఒక కార్డుకు ఒక్క మనిషే" అన్నాను.

మేనేజరు తలాడించాడు. ఇంజనీరుకు నమ్మకం కలగలేదనుకుంటాను. బయటికి పోతూ గుమ్మం దగ్గర ఆగి అదే ప్రశ్న మళ్లీ అడిగాడు. మేనేజరు నా వెనకాలే నిలబడి చెప్పులు వేసుకుంటున్నాడు. మళ్లీ అదే జవాబు చెప్పాను.

ఇప్పటికీ ఆ గుమ్మం తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. మొదట నా మీదే. తర్వాత ఆ ఇంజనీరు మీద. మంచి ప్రశ్నే అడిగాడు, రెండుసార్లు అడిగాడు, కానీ ఎవరి ముందు అడుగుతున్నాడో చూసుకోలేదు. పని ఇచ్చేవాణ్ని పక్కన కూర్చోబెట్టి పని చేసేవాళ్ల గుట్టు చెప్పమంటే ఎవరు చెబుతారు? ఒక్కసారి భవాని పేట్‌కు వచ్చి ఏదో ఒక ఇంటి అరుగు మీద ఒక గంట కూర్చుని ఉంటే, అడగకుండానే కళ్లారా చూసేవాడు. అందరికంటే ఎక్కువ కోపం ఆ మేనేజరు మీద. నాకు తెలిసిందంతా అతనికీ తెలుసు. ప్రతిరోజూ చచ్చిపోయినవాళ్ల పేర్లు పిలిచేది అతని బ్రాంచీల్లోనే.

పత్రం తయారైంది. కార్డు నంబరే మనిషికి గుర్తింపు, ఒక నంబరుకు ఒక పేరు, చావు నమోదైన సమాచారం రాగానే ఆ నంబరు మూడు చోట్లా మూతపడుతుంది. నేను మూడుసార్లు చదివి రెండు అక్షరదోషాలు పట్టుకున్నాను. సాహెబు నన్ను మెచ్చుకున్నారు. అందరితో పాటు నేనూ సంతకం పెట్టాను. పెన్సిల్ రాతల రిజిస్టర్లు కట్టలు కట్టి కొట్టుగదిలో పడేశారు. ఇకమీద కాగితం మీద ఏదీ రాయకూడదని ఆర్డరు కూడా వచ్చింది.

కొన్ని నెలలు అంతా సాఫీగా నడిచింది. కోడళ్లు వచ్చేవాళ్లు, అత్త పేరు మీదే చీటీ కొట్టిచ్చేదాన్ని. డాక్టరు మాత్రం ముప్పై ఏళ్ల మనిషిని పట్టుకొని, డెబ్బై ఏళ్లని రాసున్న చీటీ చూసి నా కిటికీ వైపు ఒక చూపు చూసేవారు. నేను తల దించుకునేదాన్ని.

పేరు రాయనని మొదట్లో చెప్పిన ఆమె ఒక సోమవారం పొద్దున వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మా పేటలోనే ఉంటుంది, భర్త కుంఠా నాకా దగ్గర పవర్‌లూమ్‌లో పనిచేస్తాడు. కడుపులో గడ్డ ఉందని మా డాక్టరే కనిపెట్టి పెద్దాసుపత్రికి పంపారు. గడ్డ తొందరగా పెరుగుతోంది, ఆలస్యం చేయవద్దని ఆమెకు గట్టిగా చెప్పారు కూడా.

"అక్కా, బేస్తారం ఆపరేషన్ తారీఖు ఇచ్చిన్రు. మన దవాఖాన చిట్టీ పట్టుకరమ్మన్నరు" అంది. బేస్తారమంటే గురువారం, మా చీటీ లేకుంటే అక్కడ చేర్చుకోరు.

నంబరు కొట్టాను. తెర మీద ఎర్రగా ఒక్కటే మాట వచ్చింది. మృతి.

"మీ అత్త ఎట్లున్నది?" అని అడిగాను, జవాబు తెలిసి కూడా.

"పోయింది గదక్కా. పన్నెండు దినాలాయె. మా ఆయన పోయి నోందు గూడ జేయించిండు, దాఖలా దెచ్చిండు."

చావును బుద్ధిగా నమోదు చేయించారు. అదే వాళ్ల నెత్తిన పడింది. వెనక లైన్లో కుంభారి కాలనీ నుంచి బస్సులో వచ్చినవాళ్లు గొణుగుతున్నారు. ఆమెను పక్కన కూర్చోమని ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేశాను. గంటసేపు వాయిద్యం వినిపించాక ఒకమ్మాయి మాట్లాడింది. కార్డుదారు మరణించినందున చీటీ రాదంది. మరణం తప్పుగా నమోదై ఉంటే ఆ మనిషి స్వయంగా హాజరు కావాలంది. మరి కార్డు మీద పనిచేసేది వేరే మనిషి అన్నాను. అలా ఉండటానికి వీల్లేదని, పత్రంలో స్పష్టంగా రాసి ఉందని జవాబు. ఆ పత్రం మీద నా సంతకం కూడా ఉందని చెప్పుకోలేకపోయాను.

కొత్త కార్డు తీసుకుంటే? బ్రాంచి వాళ్లు దయతలచి ఇచ్చినా ఆరు నెలలు పనిచేసినట్టు ఉంటే తప్ప ఆపరేషన్‌కు చీటీ రాదు. గడ్డ ఆరు నెలలు ఆగేలా లేదు. ఆమెను మర్నాడు రమ్మన్నాను.

మర్నాడు మంగళవారం. కొత్త వ్యవస్థ ఎంత బాగా నడుస్తోందో చూడటానికి పుణె నుంచి అధికారులు వచ్చారు. పూలగుత్తులు, గోడ మీద పెద్ద తెర, ఇంజనీరు, మేనేజరు, అందరూ ఉన్నారు. రిజిస్ట్రేషన్ ఎలా చేస్తామో చూపించే పని నాకు అప్పగించారు. నేను తెల్లవారగానే కొట్టుగది తాళం తీయించి, ఆమె కుటుంబం ఉన్న రిజిస్టరు వెతికి కొంగుతో దుమ్ము తుడిచి పెట్టుకున్నాను. ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టాను.

నా వంతు రాగానే ఆ నంబరే కొట్టాను. గోడ నిండా ఎర్రగా మృతి అని వచ్చింది. ఆమెను లోపలికి పిలిచాను.

"ఈ కార్డు మీద పదహారేళ్లుగా బీడీలు చేస్తున్నది ఈమె. చనిపోయింది వాళ్లత్త. మీరు ఆనాడు అడిగితే ఇలాంటివి లేవని చెప్పాను. అబద్ధం చెప్పాను" అన్నాను ఇంజనీరుతో, మరాఠీలో, అందరూ వినేటట్టు.

సాహెబు ముఖం మాడిపోయింది. ఇంజనీరు మాత్రం కోప్పడలేదు. రిజిస్టరు తీసుకొని ఒక్కో పెన్సిల్ గీత మీద వేలు పెట్టుకుంటూ చదివాడు. "దీన్ని సరిచేయొచ్చు. ఒక కార్డు కింద ఎందరున్నా ఒక్కొక్కరికీ విడిగా నంబరు ఇచ్చేటట్టు పత్రం మార్చాలి. ఈమె కార్మికురాలే అని కార్ఖానా ఒక్క మాట చెబితే ఈమె చీటీ ఇవాళే తెరవొచ్చు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అందరూ మేనేజరు వైపు చూశారు. ఆయన ఆమె వైపు తిరిగాడు. ముఖం నిండా నవ్వు పులుముకొని, చంటిపిల్లను లాలిస్తున్నట్టు మెత్తగా తెలుగులో మాట్లాడాడు.

"చెప్పమ్మా, ఎన్నేండ్ల సంది జేస్తున్నవు? భయపడకు, చెప్పు. రాసుకుంటం. నీ ఒక్కదానిదే గాదు, మీ గల్లిల ఎవరి కార్డు మీద ఎవరు జేస్తున్నరో అన్ని బయటికి దీస్తం. అన్ని కార్డులు జమ జేస్కుంటం. చెప్పు మరి."

పుణె వాళ్లకు తెలుగు రాదు. వాళ్లకు వినిపించింది ఆ మెత్తని గొంతు మాత్రమే. ఒకాయన మెచ్చుకోలుగా తల కూడా ఊపాడు.

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. బీడీ మూతి మడిచీ మడిచీ అరిగిపోయిన బొటనవేలి గోరు, తంబాకు కారు పట్టిన వేళ్లు. ఆ చేతులు కొంగులో దాచుకుంది.

"నేను బీడీలు జెయ్య సారూ. మా అత్త జేస్తుండె. నేను ఇంట్ల వంట జేస్తనంతె" అంది.

మేనేజరు ఆ మాటను పొల్లు పోకుండా మరాఠీలో చెప్పాడు. "ఈయన ఆమెను బెదిరించాడు" అని నేను అరిచాను. "ఎన్నేళ్ల నుంచి చేస్తున్నావని అడిగాను, అంతే కదా" అన్నాడు ఆయన. ఆయనేమన్నాడో మాట మాటకీ మరాఠీలో చెప్పబోయాను. "బాయీ, కూర్చోండి" అన్నారు సాహెబు. ఆమే కాదంటున్నప్పుడు మనమేం చేస్తామన్నాడు పుణె పెద్దాయన. ఇంజనీరు రిజిస్టరు మూసి రెండు చేతులతో నాకు తిరిగిచ్చాడు. తర్వాత తెర మీద వేరే నంబరు కొట్టించారు.

వరండాలో ఆమెను పట్టుకొని తిట్టాను. "ఎందుకట్ల జెప్పినవే? ఒక్క మాట, ఒక్క మాట అంటే ఇయ్యాల చిట్టీ చేతిల ఉంటుండె గదా."

"మా గల్లిల పదకొండు ఇండ్లు గిట్లనే ఉన్నయక్కా. నా ఒక్కదాని కడుపుల గడ్డకు అందరి చాటలు బోర్లియ్యాల్నా?" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. కొంగు సర్దుకొని, "ఆ దినం నువ్వు గూడ గిదే జెప్పినవు గదా. లోపట నువ్వే అంటివి" అంది.

ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి పోయాను.

అప్పుడు నేను చేసిన పని తప్పని మీరంటే కాదనను. పాత లెటర్‌హెడ్ తీసి, చీటీ చేత్తో రాశాను. కార్డు నంబరు వేయలేదు. మొదటిసారి ఆమె పేరు సిరాతో రాశాను. డాక్టరు ఒక్క ప్రశ్న వేయకుండా సంతకం చేశారు. ఇక ముద్ర కావాలి. అది సాహెబు సొరుగులో ఉంటుంది. కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, తాళంచెవి బల్ల మీద పెట్టి, "నేను చాయ్ తాగి వస్తాను" అని లేచి వెళ్లిపోయారు.

ఈ సంగతి చెబితే అందరూ సాహెబుది ఎంత మంచి మనసో అంటారు. నేననను. ముద్ర ఆయనది, వేయాల్సిన చెయ్యి ఆయనది. ఆయన చేయి తడవకుండా నాతో వేయించారు. ఆ చాయ్ మీద నాకు ఇప్పటికీ కోపమే.

గురువారం పెద్దాసుపత్రి గుమస్తా ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ఏమనుకున్నాడో ఏమో, ఆమెను లోపలికి పంపాడు. ఆపరేషన్ అయింది. ప్రమాదకరమైన గడ్డ కాదని తేలింది. నాకు మెమో వచ్చింది, ఆర్డరుకు విరుద్ధంగా కాగితం వాడినందుకు. అవును, వాడాను అని రెండు ముక్కలు జవాబు రాశాను. పత్రం మాత్రం మారలేదు. ఆ మంగళవారం మీటింగు నివేదికలో, వాడకందార్ల నుంచి అభ్యంతరాలేవీ రాలేదని రాశారు. అప్పుడు నేనొక్కదాన్నే ఒక మూలన కూర్చొని పళ్లు నూరుకున్నాను.

ఆపరేషన్ తర్వాత ఆమెకు మందులు నెలనెలా కావాలి. మందుల చీటీకి ఆరు నెలల నియమం లేదు, పేరున కార్డు ఉంటే చాలు. మూడు నెలలకు మళ్లీ నా కిటికీకి వచ్చింది, చేతిలో కొత్త కార్డుతో. ఆమె పేరునే. బ్రాంచిలో ఎలా ఇచ్చారని అడిగాను. తనకు బీడీల పని రాదని, కొత్తగా నేర్చుకుంటానని అర్జీ మీద సంతకం పెట్టించుకుని ఇచ్చారట. బొటనవేలి గోరు అరిగిన మనిషితో.

కొత్త నంబరు నమోదు చేయడం మొదలుపెట్టాను. పేరు, వయసు, ఇల్లు. ఆ తర్వాత ఒక గడి. ఈ పనిలో అనుభవం, ఏళ్లలో. దాన్ని ఖాళీగా వదిలితే పేజీ ముందుకు కదలదు. పదహారు అని కొట్టాను. కార్ఖానా రికార్డుతో సరిపోలడం లేదని ఎర్రగా వచ్చింది. మళ్లీ పదహారు కొట్టాను. మళ్లీ ఎర్రగా వచ్చింది. ఆ గడి ఏం కోరుతోందో నాకు తెలుసు. కీబోర్డు మీంచి చేతులు తీసేసి కూర్చున్నాను. దాన్ని ఎత్తి గోడకు కొట్టాలన్నంత కోపం వచ్చింది.

ఆమె కిటికీలోంచి వంగి తెర చూసింది. మరాఠీ చదవడం వచ్చు ఆమెకు.

"కొట్టక్కా, సున్నానే కొట్టు" అంది. "గది గొట్టకుంటె చిట్టీ రాదు గదా. ఎనుక లైన్ల మనుషులున్నరు."

కొట్టాను. చీటీ వచ్చింది.